భవంతి ఇండ్లకు సిమెంటు పూతే చేటు

సంపాదకుడి గారికి,

వానలు పడగానే వరంగల్‌లో పాత ఇండ్లకు శిథిల నోటీసులు అంటిస్తారు. ప్రాణాల సంగతి కనుక నోటీసును తప్పుపట్టలేం. కానీ మట్టెవాడ, గిర్మాజీపేట వంటి పాత పేటల్లో భవంతి ఇంటి (నడుమ వాకిలి ఉండే పాత మట్టిగోడల ఇంటి) వయసు చూసి కూల్చమనడం అన్యాయం. బాగుచేసుకోదగిన ఇండ్లు ఇంకా ఉన్నాయి. చాలాచోట్ల వాటిని చెడగొట్టింది తర్వాత పూసిన సిమెంటే.

ఆ గోడలు 2 అడుగుల మందం మట్టివి, పైన డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పూత. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే బయటికి దారిలేక గోడలోనే పైకి పాకుతుంది. పూత ఉబ్బి, తెల్లగా ఉప్పు పొంగి రాలుతుంది, లోపలి మట్టి మెత్తబడుతుంది. గోడలో దిగిన దూలం కొన కుళ్లి చెదలు పడుతుంది. దూలం నడిమి భాగం ఇనుములా ఉన్నా ఇల్లు కూలేది ఆ కొన దగ్గరే. దూలాన్ని గోడ పక్కన సుత్తెతో తట్టి చూడాలి. డొల్ల చప్పుడొస్తే కింద పోటు (ఆసరా కర్ర) పెట్టి, చెడినంత మేర కోసి కొత్త టేకు అతికించవచ్చు. కొన చుట్టూ వేలు పట్టేంత సందు వదలాలి, గాలి ఆడాలి.

గూన పెంకును ఏటా మిరుగం (మృగశిర కార్తె) లోపే సర్దాలి. కోతుల బాధకు రేకులు వేసుకుంటున్నారు, వాళ్లను అనలేం. చూరు మాత్రం గోడ దాటి 2 అడుగులన్నా రావాలి. నడిమి వాకిట్లో టైల్స్ పరిచి తూము మూయడం ఇంకో పెద్ద పొరపాటు; వాననీళ్లన్నీ పునాదిలోకే దిగుతాయి.

సిమెంటు గీకాక గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వాలి. గుంతలో కనీసం 15 రోజులు నానిన సున్నం 1 పాలు, ఇసుక 2 లేదా 3 పాళ్లు గానుగలో నూరి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం కలపాలి. ఒక్కో పూత అరంగుళం మించితే పగుళ్లిస్తుంది. వారం రోజులు తడుపుతూ ఉండాలి.

ఇవన్నీ తెలిసినా గానుగ సున్నం దొరకదు, మేస్త్రీ దొరకడు. 2015లో వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. రాష్ట్రానికి 2017 నుంచి వారసత్వ చట్టమూ ఉంది. కోటకు, గుళ్లకు పెట్టే శ్రద్ధలో కొంత ఈ ఇండ్లకూ కావాలి. నగరపాలక సంస్థ ఒక సున్నం గానుగ పెట్టి, అయిన ఖర్చుకే సున్నం అమ్మాలి. నోటీసు రాసే ముందు ఇంజినీరు వెంట సున్నం పని తెలిసిన మేస్త్రీ ఒకరు వెళ్లి, గోడ అడుగు, దూలం కొనలు చూసి, ఇల్లు కూల్చాలో బాగుచేయాలో కారణంతో సహా రాయాలి. ఆ తనిఖీ వానల్లో కాకుండా ఎండాకాలంలోనే జరిగితే, మరమ్మతుకు ఇంటివాళ్లకు గడువు దొరుకుతుంది.

– ఒక పాఠకుడు, హన్మకొండ