కమిషనర్ గారికి బహిరంగ లేఖ: వంతెన దగ్గరి డ్రైన్ జాలీని అడ్డంగా తిప్పించండి

కమిషనర్ గారూ, నమస్కారం. మూడుసార్లు అర్జీ పెట్టాం, రసీదులు తప్ప జవాబు రాలేదు, అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

మా సైక్లింగ్ క్లబ్ వాళ్లం చలికాలం ఆదివారాలు పొద్దున్నే సరదాగా గ్రూప్ రైడ్‌కి వెళ్తాం, రేసు కాదండీ, కొత్తవాళ్లు ఎంత స్లోగా తొక్కితే అందరం అంతే. వంతెన దిగగానే డ్రైన్ మీద వేసిన ఇనప జాలీకి ఊచలు రోడ్డు పోయే దిశలోనే ఉన్నాయి. రోడ్ బైక్ అంటే మేం తొక్కే సన్న టైర్ల సైకిల్, దాని టైరు వెడల్పు 25 నుంచి 28 మిల్లీమీటర్లు, ఊచల మధ్య సందులో నా బొటనవేలు పెట్టి చూస్తే ఇంకా చోటు మిగిలింది. మొన్న మంచులో ముందున్నాయన "జాలీ!" అని అరిచేలోపే వెనకొస్తున్న ఆవిడ ముందు చక్రం అందులో దిగిపోయింది, హ్యాండిల్ మీంచి ఎగిరిపడి కాలర్ బోన్ విరిగింది. ఆవిడ టీచరు, బోర్డు మీద రాసే చేతి వైపే విరిగింది.

మేం అడిగేది కొత్త రోడ్డు కాదు సార్. ఊచలు రోడ్డుకి అడ్డంగా వచ్చేలా ఆ జాలీ మార్పించండి, నీళ్లు ఎప్పట్లాగే పోతాయి, చక్రం మాత్రం దిగదు. చలికాలంలో తెల్లారేదాకా అక్కడి లైట్లు ఆర్పకండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి.

నమ్మకం కుదరకపోతే వచ్చే ఆదివారం మాతో రండి, సైకిల్, హెల్మెట్ మేమే ఇస్తాం.