జ్వరంలో కళ్లు పచ్చబడితే పసరు కాదు, రక్తపరీక్ష

సంపాదకులకు నమస్కారం.

జ్వరం మధ్యలో కళ్లు పచ్చబడితే చాలు, "కామెర్లు, పసరు పోయించండి" అనే సలహా మన ఊళ్లలో నేటికీ వినిపిస్తోంది. మూత్రనాళాల్లోనో ఊపిరితిత్తుల్లోనో బ్యాక్టీరియా సోకి, అది రక్తానికి పాకినా కళ్లు పచ్చబడతాయి. అప్పుడు పసరు కోసం తిరిగే ప్రతి గంటా ప్రాణానికి చేటు.

ఈ-కోలై వంటి బ్యాక్టీరియా పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషం ఉంటుంది. కాలేయంలోని సన్నని రక్తనాళాల్లో కాపుండే కుప్ఫర్ కణాలు దీన్ని టీఎల్ఆర్-4 అనే గ్రాహకంతో పసిగడతాయి. 1998లో ఈ గుట్టు విప్పిన బ్రూస్ బ్యూట్లర్‌కు 2011 నోబెల్‌లో వాటా దక్కింది. విషం తగలగానే ఆ కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు రసాయనాలు వదులుతాయి. వాటితో పక్కనున్న కాలేయ కణాల పనితీరే మారిపోతుంది. వాపును సూచించే సీఆర్పీ అనే ప్రోటీన్ తయారీ పెరుగుతుంది, రక్తంలోని ముఖ్య ప్రోటీన్ ఆల్బుమిన్ తగ్గుతుంది. పైత్యరసాన్ని బయటికి తోసే ప్రోటీన్లు తగ్గిపోవడంతో కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం రక్తంలోకి మళ్లుతుంది. అందుకే ఈ రోగుల్లో డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం అప్పటికే శుద్ధిచేసిన రకం) ఎక్కువగా, ఎస్‌జీపీటీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) కొద్దిగానే పెరుగుతాయి. తీవ్రమైన వైరల్ కామెర్లలో ఎస్‌జీపీటీ తరచూ వేలల్లో ఉంటుంది. అయితే బీపీ బాగా పడిపోయి కాలేయానికి రక్తం అందకపోయినా అది వేలకు చేరుతుంది కాబట్టి ఒక్క అంకె చూసి నిర్ణయించకూడదు.

ఇంతకన్నా మోసం చేసేది షుగర్. మొదట కాలేయం గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వను కరిగించడంతో షుగర్ పెరుగుతుంది. ఆ నిల్వ అయిపోయాక కొత్త గ్లూకోజ్ తయారుచేసే ఎంజైములను ఈ వాపు రసాయనాలే అణచివేస్తాయి. షుగర్ ఒక్కసారిగా 70 కిందికి జారవచ్చు. తిండి సహించని మధుమేహ రోగికి షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర యథాప్రకారం వేస్తే జరిగే ప్రమాదం ఇదే. మగతగా ఉంటే జ్వరం నీరసం అనుకోకుండా ముందు గ్లూకోమీటర్‌తో చూడాలి.

కాలేయంలో మందులను విరిచే ఎంజైములూ అప్పుడు మందగిస్తాయి. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ మామూలు మోతాదులోనే రక్తంలో పేరుకుని గుండెదడ, ఫిట్స్ తెప్పించగలదు. ఏముందో తెలియని పసరును ఆ కాలేయం మీద మోపడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చలిజ్వరంతో పాటు పచ్చకళ్లున్న ప్రతి రోగికీ బీపీ, షుగర్ వెంటనే చూడాలి. డైరెక్ట్ బిలిరుబిన్‌ను రిపోర్టులో విడిగా రాయాలి. బీపీ పడిపోయి సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్‌ వల్ల అవయవాలకు రక్తం అందని స్థితి) అనిపిస్తే గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. వీలైతే అంతకు ముందే ఏ బ్యాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీయాలి, కానీ దానికోసం మందు ఆపకూడదు.

– వైద్య కళాశాల అధ్యాపకులు, గుంటూరు