తాబేళ్ల కాలంలో కుక్కలతో వచ్చే అతిథులకు

కళింగపట్నం దగ్గర వంశధారలో మాతో కయాక్ నడిపి, రాత్రికి గుడారంలో బస చేసే అతిథులందరికీ నమస్కారం. జనవరి నుంచి ఏప్రిల్ నెలాఖరు వరకు కుక్కలను తెచ్చేవారికి సముద్రపు ఒడ్డున గుడారం ఇవ్వబోమని తెలియజేసినప్పటి నుంచి, కుక్కలకు ప్రవేశం ఉందని చెప్పి ఇప్పుడు మాట మార్చారేమిటని పలువురు అడుగుతున్నారు. ప్రవేశం ఇప్పటికీ ఉంది. వాటి బసను మాత్రం ఏటి గట్టున ఉన్న జీడితోటలోకి మార్చాము.

ఈ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ మన తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కనుక మార్చిలో పెట్టిన గూడు ఏప్రిల్ రెండో సగంలోనో మే నెలలోనో విచ్చుకుంటుంది. కుక్క ముక్కుకు ఆ గూడు దొరకడం ఎంతసేపు? ఎంత బుద్ధిమంతురాలైన కుక్కయినా వాసన పట్టిన చోట తవ్వకుండా ఉండదు. అది దాని తప్పూ కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. ఒడ్డున దీపాలు వెలిగితే తాబేలు పిల్లలు సముద్రమనుకొని అటే పాకుతాయి కాబట్టి, కుక్కలు లేనివారికి కూడా ఆ నెలల్లో తీరం వైపు లైట్లు వేయము.

ఇక పగటి కార్యక్రమంలో ఏ మార్పూ లేదు. పోటు ఎక్కే వేళ బయలుదేరితే తెడ్డు పెద్దగా వేయకుండానే నీరు మనలను ఎగువకు తీసుకుపోతుంది, పాటు మొదలై నీరు వెనక్కి తీసేటప్పుడు తిరిగి వస్తాము. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక బయలుదేరే సమయం ముందురోజు సాయంత్రమే చెప్పగలము; దీనిపై విసుక్కునేవారు ఉన్నారని తెలుసు, కానీ ఏరు మా మాట వినదు. కుక్క గోళ్లకు ప్లాస్టిక్ జారుతుంది కాబట్టి కయాక్ ముందు భాగంలో తడిపిన గోనెపట్టా పరుస్తాము. వీపున పిడి ఉన్న లైఫ్ జాకెట్ దానికి తప్పనిసరి. గొలుసును మాత్రం కయాక్‌కు కట్టనివ్వము, పడవ బోల్తా పడితే కుక్క దాని కిందే చిక్కుకుంటుంది.

చూడవలసినవి నెమ్మదిగా వెళితేనే కనిపిస్తాయి. నలుపు తెలుపు లకుముకి పిట్ట గాలిలో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, తల కదపకుండా నీటిలోకి చూసి, ఒక్కసారిగా నిట్టనిలువునా దూకుతుంది. ఆ చప్పుడుకు కుక్కలు లేచి నిలబడబోతాయి కనుక మెడపట్టీపై ఒక చెయ్యి ఉంచండి. నీటికాకులు వల కర్రల మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి. ఇసుక దిబ్బల మీద మాత్రం మార్చి నుంచి కుక్కలను దింపము: తీతువు పిట్ట గూడు కట్టదు, నేల మీద చిన్న పల్లంలోనే గుడ్లు పెడుతుంది, మట్టి రంగు మచ్చల వల్ల అవి మనకే కనిపించవు. దగ్గరికి పోతే అది అరుస్తూ తల మీదికే వస్తుంది.

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి కూడా కుక్కతో తీసుకువెళ్లమని కొందరు కోరుతున్నారు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. కుక్కతో అక్కడికి రాము.

ఈ నిర్ణయం వల్ల మాకు నష్టమే. సంక్రాంతి సెలవుల్లో ఒడ్డున గుడారాలకే గిరాకీ ఎక్కువ, జీడితోటకు సముద్రపు గాలి అంతగా రాదు, దోమలు కూడా ఉంటాయి. అందుకని తోటలోని గుడారానికి అద్దె తగ్గించాము, దోమతెర మేమే ఇస్తాము. ఇప్పటికే ఒడ్డున బుక్ చేసుకొని, ఈ మార్పు నచ్చనివారికి డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాము.

వచ్చేవారు రేబిస్ టీకా కాగితం, మంచినీటి గిన్నె తెచ్చుకోండి. ఏటి నీరు ఇక్కడ ఉప్పగా ఉంటుంది, తాగితే కుక్కకు వాంతులు, విరేచనాలు అవుతాయి. మా వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్కలకు విషం; ముందే చెబితే ఉత్త అన్నం, ముల్లు తీసిన చేప విడిగా ఉడికిస్తాము.