బ్యాటరీ అయిపోయిందన్నవు కదా, దాని సంగతి

మిర్యాలగూడ,
మే 18, ఆదివారం.

బిడ్డా సిరీ,

మంచిగున్నవా. ఇక్కడ మేమంతా మంచిగనే ఉన్నం. నాయినమ్మ మోకాళ్ళు ఎప్పటి తీరే. ఎండలు మస్తు కొడుతున్నయి, పదకొండు దాటితే బయట కుక్క గూడ కనపడుత లేదు. కింది తోటల బత్తాయికి ఈసారి కాపు మంచిగనే ఉన్నది, ధరే లేదు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, మెసేజీ పెడితే బొటనవేలు బొమ్మ పెడతవు. అందుకే రాస్తున్న. ఊకెనే రాస్తున్న, వేరే ఏం లేదు.

కిందటి నెల 29న నువ్వు వీడియోల మాట్లాడుతూ మాట్లాడుతూ, "నాయినా, బ్యాటరీ అయిపోతున్నది, మళ్ళ చేస్తా" అని పెట్టేసినవు. ఇయ్యాల్టికి 19 రోజులు. బ్యాటరీ ఎంత చెడిపోయినా రెండు మూడు గంటలల్ల నిండుతది, 19 రోజులు పట్టదు. సరే, పనుంటది. నేను ఎరుగనా.

ఇంకొకటి. ఆ రోజు నీ చెంప మీదికెళ్ళి ఒక మసక గీత కనపడ్డది. చింటుగాడు చిన్నప్పుడు కాదు, పెద్దయినంకనే, కంపాసు ముల్లుతోటి కెమెరా మీద గీకిన గీత అది. అంటే నువ్వు మాట్లాడింది మన పాత లాప్‌టాప్‌ల. 2019ల నువ్వు ఇంజినీరింగుల చేరినప్పుడు కొన్నది. మరి ఆఫీసోళ్ళు ఇచ్చింది ఏమైందో అని ఒక్కసారి అనిపించింది. రిపేరుకు ఇచ్చినవేమో. అంతే.

మొన్న హాలియాల పెద్దత్త మనుమరాలి పెండ్లికి పోయినం. బంతిల నా పక్కన మిల్లు రాములు కూసున్నడు. వాళ్ళ పిలగాడు గూడ బెంగళూరేనాయె. "కంపెనీలల్ల మందిని తీసేస్తున్నరట కదనే" అన్నడు. నేను విననట్టే పప్పుచారు పోయించుకున్న. ఆయనకు ప్రతిదీ కావాలె. పెండ్లి మాత్రం మంచిగ చేసిరు, మీ అమ్మ చీర నలుగురు అడిగిరు.

ఇగ బ్యాటరీ సంగతి. నువ్వు దసరాకు వచ్చినప్పుడు దాన్ని బల్ల మీద పెట్టి పండుకుంటే, చింటుగాడు కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల డబ్బా తెరిచి "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్" అని కొట్టిండు. అది ఒక ఫైలు చేసి, ఎక్కడ పెట్టిందో చెప్పింది. తెరిస్తే అచ్చం మా సబ్‌స్టేషన్ లాగ్‌షీట్ తీరే ఉన్నది, నాకు పాణం లేచొచ్చింది. అందుల డిజైన్ కెపాసిటీ 41,040, ఫుల్ చార్జ్ కెపాసిటీ 22,572. మిల్లీ వాట్ అవర్లు. అంటే కొన్ననాడు పట్టినదాంట్ల ఇప్పుడు 55 శాతమే పడుతున్నది. కానీ తెర మీద మూలకు చూస్తే 100 అనే ఉంటది! ఆ 100 ఇప్పుడు పట్టేదాంట్ల 100, కొన్ననాటిదాంట్ల కాదు.

మన ఊరి చెరువు యాదికి తెచ్చుకో. అలుగు దుంకుతున్నదంటే నిండిందనే కదా అందరు సంబరపడ్డది. మరి కింద ఒక్క పంటకు గూడ ఎందుకు నీళ్ళు సాలలే? లోపలంత పూడిక. చెరువు నిండింది నిజమే, పట్టేదే తక్కువ. గట్లనే ఇది. చెరువు పూడికంటే మిషన్ కాకతీయల జేసీబీలు పెట్టి తీసిరు, దీని పూడికను ఎవ్వరూ తియ్యలేరు. లోపల లిథియం రెండు పలకల నడుమ ఇటు అటు తిరుగుతుంటది. చార్జింగప్పుడు గ్రాఫైట్ పలకల జొరబడుతది, వాడినప్పుడు వెనక్కొస్తది. ఆ పలక మీద ఒక సన్నటి పొర కడతది, పొరల ఇరుక్కున్న లిథియం ఇగ వెనక్కి రాదు. ఏండ్లు గడిచినకొద్ది పొర మందమైతది. వేడి తాకితే ఇంకా జల్ది.

ఆ రిపోర్టులనే సైకిల్ కౌంట్ అని ఒకటి ఉన్నది. 187. ఇయ్యాల 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. ఈ బ్యాటరీలు 300 నుంచి 500 సైకిళ్ళు తిరిగినంక 80 శాతానికి దిగుతయని మామూలుగ చెప్తరు. మరి 187కే 55కు ఎట్ల దిగింది? వాడి వాడి అరిగింది కాదు. వాడక, నిండా నింపి, వైరు పెట్టి, వేడిల ఉంచుడు వల్ల చెడిపోయింది. పెట్టమన్నది ఎవరు? నేనే. కొన్ననాడు షాపుల నిలబడి చెప్పిన: "బిడ్డా, ఎప్పుడు వైరు పెట్టే ఉంచు, 100 దిగనియ్యకు." నువ్వు నాలుగేండ్లు నా మాట విన్నవు.

నా తప్పేంటిదంటే, నేను ముప్పై ఏండ్లు సాకింది లెడ్ యాసిడ్ బ్యాటరీలను. దానికి నిండుగుండుడే ఆరోగ్యం. తక్కువల వదిలేస్తే పలకల మీద తెల్లగ సల్ఫేటు పేరుకొని చస్తది. ఈ లిథియంది ఉల్టా కథ. నిండా నింపి అట్లనే పట్టి ఉంచితే దానికి ఆయాసం. 80 దాక నింపి ఆపితే, 20 కిందికి దిగకుండ చూస్తే ఎక్కువ రోజులు మనుతది. మొత్తం దించి మళ్ళ నింపాలె అనేది గూడ పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం మాట, దీనికి పనికిరాదు. ఇదంతా మీ అమ్మకు చెప్తే, "పిల్లను గూడ గట్లనే చేసినవు" అన్నది. నేను బ్యాటరీ గురించి చెప్తుంటే పిల్ల ఎందుకొచ్చిందో నాకు సమజ్ కాలే.

2019ల, మనం అది కొన్న ఏడాదే, ఈ లిథియం బ్యాటరీలు చేసిన ముగ్గురికి నోబెల్ ఇచ్చిరట. అందుల గుడ్ఇనఫ్ అనే ఆయనకు అప్పటికి 97 ఏండ్లు. చింటుగాడు చెప్పిండు. 97 ఏండ్లకు! మనిషికి తొందర ఎందుకు చెప్పు. ఒక ఏడాది అటుఇటు అయితే ఏమైతది. నేను ఆయన సంగతే అంటున్న.

నీకు ఎప్పుడూ చెప్పని ముచ్చట ఒకటున్నది. 2002 మే నెల. నువ్వు పది నెలల పిల్లవి. నాలుగు రోజులు ఒకటే జ్వరం, మీ అమ్మ నిన్ను ఒళ్ళ పెట్టుకొని దవాఖానలనే ఉన్నది. నాకు నైట్ డ్యూటీ. పొద్దుగాల దిగి దవాఖానకు, పొద్దుమీకి మళ్ళ సబ్‌స్టేషన్‌కు. బ్యాటరీ గది నువ్వు చూసినవు, యాసిడ్ వాసనకు ముక్కు మూసుకునేదానివి. 55 సెల్లులు, అన్ని కలిపితే 110 వోల్టులు. ఏడాదంత దానికి పనే ఉండదు, చార్జర్ మీద పండుకొని ఉంటది. ఎక్కడన్న తీగ తెగి పడ్డనాడు మాత్రం, లైన్ల కరెంటు ఆపే బ్రేకర్ పడాలంటే, దాన్ని పడగొట్టే ట్రిప్ కాయిల్‌కు కరెంటు ఇయ్యాల్సింది అదే. అందుకని సెల్లు సెల్లుకు హైడ్రోమీటర్ పెట్టి యాసిడ్ ఎంత చిక్కగున్నదో చూడాలె. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి. బుడ్డి ఒత్తి వదిలితే యాసిడ్ గొట్టంలకు ఎక్కుతది, లోపల చిన్న పుల్ల తేలుతది. 1200 గీత కాడ తేలితే మంచిగున్నట్టు. నా చొక్కాలకు బొక్కలన్నీ దానివే, మీ అమ్మ ఇప్పటికీ తిడుతది.

ఆ వారం నేను కొలవలే. కండ్లు మూతలు పడుతున్నయి. కుర్చీల కూసొని రిజిస్టర్ల రాసుకుంట పోయిన. 1200, 1200, 1195, 1200. నడుమ నడుమ ఒక 1195, నమ్మినట్టు ఉండాలె కదా. గోడ మీద మీటర్ చూస్తే 110 చూపిస్తనే ఉన్నది.

నాలుగో రాత్రి గాలిదుమారం లేచింది. 33 కేవీ లైన్ల తీగ తెగి పడ్డది. లైన్ల తప్పును పసిగట్టే రిలే జెండా పడ్డది, బ్రేకర్ పడలే. వోల్టేజీ కూలి కంట్రోల్ రూం లైట్లు నిప్పుకణికల తీరు ఎర్రగైనయి, చార్జర్ ఆగింది. అప్పుడు తెలిసింది, రోజూ మీటర్ చూపించిన 110 చార్జర్‌ది, బ్యాటరీది కాదు. చార్జర్ పోయినంక సొంతంగ నిలబడాల్సి వస్తే 23వ నంబరు సెల్లు నిలబడలే. లోపల ఎండిపోయి ఉన్నది. ఆఖరుకు అవతలి స్టేషన్ల బ్రేకర్ పడ్డది, సగం తాలూకా తెల్లారేదాక చీకట్ల ఉన్నది. తీగ బీడు చెల్కల పడ్డది కాబట్టి ఎవ్వరి పాణం పోలే. పొద్దుగాల సార్ వచ్చి రిజిస్టర్ తిప్పిండు. "23కు నిన్న గూడ 1200 అనే ఉన్నదే" అన్నడు. నా దస్తూరి. నేను ఏం మాట్లాడలే. ఇంక్రిమెంటు ఆగింది. ఆ ఏడాది అందరికీ ఆగిందని మీ అమ్మకు చెప్పిన, ఇప్పటిదాక ఆమెకు తెల్వదు. నువ్వు చెప్పకు. నేను దవాఖానకు పోయేసరికి నీకు జ్వరం దిగింది, మంచం పట్టీ చప్పరిస్తున్నవు.

ఎందుకు చెప్తున్ననంటే, నువ్వు "బాగనే ఉన్న నాయినా" అంటవు. ప్రతిసారి అదే. సంక్రాంతికి అదే, ఉగాదికి అదే. 1200, 1200, 1200. నేను ఆ రిజిస్టర్ రాసినోణ్ణి బిడ్డా. నడుమ ఒక్కసారి 1195 అన్న రాయి.

సరే, పని మాట. దాన్ని మంచం మీద, దిండు మీద పెట్టకు. గాలి పోయే బొక్కలు కింద ఉంటయి, మూసుకుంటే లోపల పొయ్యి మండినట్టే. మీ హాస్టల్ పై అంతస్తు, స్లాబు వేడి ఎట్లుంటదో నేను చూసిన. పీట కొనుక్కో, లేకుంటే రెండు పుస్తకాలు ఎడంగ పెట్టి వాటి మీద పెట్టు. సెట్టింగులల్ల 80 కాడ చార్జింగు ఆపే ఏర్పాటు కొన్నిటికి ఉంటది, మనదాంట్ల ఉన్నదేమో వెతుకు. అన్నిటికంటె ముందు టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి చూడు. ఉబ్బినట్టున్నా, మూత సరిగ మూతపడకున్నా లోపల గ్యాసు పట్టి బ్యాటరీ వాచినట్టు. ఇగ చార్జింగు పెట్టకు, ముల్లుతోటి పొడవకు, నొక్కి మూయకు, సీదా షాపుకు తీసుకపో. ఈ ముక్క మీ అమ్మ విన్నకాడ్నుంచి పండుకుంట లేదు. అందుకన్న ఒక ఫోన్ చెయ్యి.

కొత్త బ్యాటరీ నేను ఇప్పిస్తా. వెనక మూత మీద మోడల్ నంబరు ఉంటది, ఫోటో తీసి పంపు. ఇక్కడ షాపాయన అడిగిండు, నంబరు కలవకుంటే పనికిరాదట. చింటుగాడు తీసిన రిపోర్టు మళ్ళొకసారి తియ్యి. కానీ మొత్తం పంపకు, ఆ రెండు అంకెలు చాలు. అందుల ఏ పూట ఏ గంటకు లాప్‌టాప్ తెరిచినవో గూడ ఉంటది. దసరాకు చూస్తే రాత్రి రెండింటికి, మూడింటికి ఉన్నది. ఇప్పుడు అది చూస్తే నేను పండుకోను.

బస్సు పార్సిల్ల మామిడికాయ తొక్కు రెండు సీసాలు, నువ్వుల ఉండలు, ఒక సంచి బత్తాయిలు పంపుతున్న. తొక్కు సీసాను నిలువుగ పెట్టు. బత్తాయిలు నలుగురికి పంచు, కానీ ముందు నువ్వు తిను. పైసలు పదివేలు ఏసిన, బ్యాటరీకనే అనుకో. మిగిలితే ఉంచుకో, లెక్క చెప్పకు. ఇంటికి రావాలనిపిస్తే రా, ఎన్ని రోజులైనా ఉండు, పై రూముల కూలర్ బాగుచేయించిన. వచ్చే శనివారం దాక ఫోటో రాకుంటే కాచిగూడల రాత్రి బండి ఎక్కుతా, టికెట్లు ఉన్నయో లేవో చూసిన గూడ.

ఇట్లు,
మీ నాయిన.

తా.క. ఆఫీసు లాప్‌టాప్ ఏమైందని నిన్ను అడగొద్దని మీ అమ్మ నాతోటి ఒట్టు పెట్టించుకున్నది. అందుకే అడగలే.