కుడి కంటి ఆపరేషన్, ఆ తర్వాత నేను పడ్డ ఇబ్బందుల గురించి ఫిర్యాదు

తెనాలి,
ఫాల్గుణ మాసం.

కంటి ఆసుపత్రి మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
కాపీ: విజయవాడ బ్రాంచి మేనేజరు గారికి.

విషయం: శుక్లం ఆపరేషన్‌లో వేసిన మల్టీఫోకల్ లెన్స్ (దూరం, దగ్గర రెండూ చూపే లెన్స్) గురించి ముందుగా చెప్పకపోవడం, తర్వాత వచ్చిన రెటీనా (కంటి లోపల బొమ్మ పడే తెర) వాపును పట్టించుకోకపోవడం.

అయ్యా,

నమస్కారం. నాకు 59 ఏళ్లు. తెనాలిలో మా ఇంట్లోనే ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పద్దెనిమిదేళ్ల నుంచి మగ్గం వర్క్ కూడా చేస్తున్నాను. పోయిన దసరా వెళ్లిన వారం మీ విజయవాడ బ్రాంచిలో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు ఐదో నెల నడుస్తోంది.

ఒక మాట ముందే చెబుతాను. ఆపరేషన్ చేసిన డాక్టరు గారి చేతి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. గాయం శుభ్రంగా మానింది. చీము పట్టలేదు, నొప్పి కూడా లేదు. ఆపరేషన్‌కి ముందు ఒక అరగంట, తర్వాత రెండు నెలలు మీ వాళ్లు నాతో నడిచిన తీరు గురించే ఈ ఉత్తరం.

ఆ అరగంట సంగతి చెబుతాను. కౌన్సెలింగ్ గదిలో ఒక అమ్మాయి మూడు ప్యాకేజీల కార్డు నా ముందు పెట్టింది. 28,000, 45,000, 82,000. నేను మధ్యది అనుకుని వెళ్లాను. "ఏం పని చేస్తారు ఆంటీ?" అని అడిగింది. మగ్గం వర్క్ చేస్తానని చెప్పాను. "అయితే మీకు ఇదే కరెక్టు. ఇంక కళ్లజోడుతో పనే ఉండదు, సూదిలో దారం కూడా మీరే ఎక్కించుకుంటారు" అని 82,000 దాని మీద వేలు పెట్టింది. చత్వారం వచ్చిన దగ్గర్నుంచీ సూది ఎక్కించడానికి పక్కింటి పిల్లని పిలిచేదాన్ని. ఆ మాటకే పడిపోయాను. గొలుసు తాకట్టు పెట్టి మిగతా డబ్బు కట్టాను.

ఆ లెన్స్ వల్ల రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనపడొచ్చని ఆమె చెప్పలేదు. ముదురు రంగు గుడ్డ మీద ముదురు రంగు దారం తేడా తెలియడం తగ్గొచ్చని చెప్పలేదు. ఒక్క దూరానికే చూపు ఇచ్చే మామూలు మోనోఫోకల్ లెన్స్ వేయించుకుని దగ్గర చూపుకి కళ్లజోడు పెట్టుకుంటే నా పనికి సరిపోతుందేమోనన్న మాటే రాలేదు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం ఆపరేషన్ గది బయట బెంచీ మీద పెట్టించుకున్నారు. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. అప్పటికే కంట్లో చుక్కలు వేశారు, అక్షరాలు అలికినట్టున్నాయి. నర్సమ్మ వేలితో చూపించిన చోట సంతకం పెట్టాను.

నాకు పదకొండేళ్లుగా షుగర్ ఉంది. ఆ మాట మీ ఫారంలో నేనే రాశాను. అయినా ఆపరేషన్‌కి ముందు రెటీనా స్కాన్ తీయలేదు.

కట్టు విప్పిన రోజు మాత్రం సంతోషపడ్డాను. అది దాచను. గోడ మీద క్యాలెండరులో తిథులు జోడు లేకుండా చదివాను. తెలుపు ఇంత తెల్లగా ఉంటుందని మర్చిపోయాను.

కార్తీక పౌర్ణమి నాడు గుడికి వెళ్లి 365 వత్తులు వెలిగించాను. తలెత్తి చూస్తే మండపం ముందున్న ప్రతి దీపం చుట్టూ ఒక వలయం, దాని చుట్టూ ఇంకొకటి, సాలెగూడు మీద మంచు పడ్డట్టు. పక్కపక్క దీపాల వలయాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి అంతా ఒకే వెలుగు ముద్దయింది. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాను. దానికి ఇంకా శుక్లం ఉంది కాబట్టి మసకగానే కనపడ్డాయి, కానీ దీపాలు దీపాల్లాగే ఉన్నాయి. మెట్లు ఎక్కడున్నాయో తెలియక మా అమ్మాయి చెయ్యి పట్టుకుని దిగాను. అంతకుముందు చెకప్‌కి వచ్చి చీకటి పడ్డాక బస్సులో తిరిగి వెళ్తుంటే కృష్ణ వారధి మీద ఎదురుగా వచ్చే లారీల లైట్లు కూడా ఇలాగే పగిలినట్టు కనపడ్డాయి. అప్పుడు బస్సు అద్దం మురికిదనుకున్నాను.

మర్నాడు ఫోన్ చేస్తే మీ వాళ్లు అన్న మాట: "అలవాటైపోతుంది ఆంటీ, ఆరు నెలలు పడుతుంది." చెవి వైపు నెలవంకలాంటి నల్లని నీడ కనపడుతోందన్నా అదే మాట. మార్గశిరంలో ఇంకో ఇబ్బంది మొదలైంది. జాకెట్టు చేతి అంచు కోసం స్కేలు పెట్టి చాక్‌పీసుతో గీత గీశాను. గీత మధ్యలో వంగింది. చెరిపి మళ్లీ గీశాను, మళ్లీ అక్కడే వంగింది. స్కేలునే కంటి ముందు పెట్టుకుని చూస్తే స్కేలు కూడా వంగి ఉంది. గీత వంకరగా కనపడుతోందని ఫోన్‌లో స్పష్టంగా చెప్పాను. దానికీ "అలవాటవుతుంది" అనే అన్నారు.

అయ్యా, నా ఫిర్యాదులో అసలు విషయం ఇదే. వలయాలకి చాలామంది కొన్ని నెలల్లో అలవాటు పడతారట, నిజమే. గీత వంగడం అలవాటు పడాల్సింది కాదు. అది వెంటనే పిలిచి చూడాల్సిన లక్షణం. రెంటినీ మీ వాళ్లు ఒకే మాటతో సరిపెట్టారు.

నేనే బ్రాంచికి వచ్చాను. బోర్డు మీద అక్షరాలు చదివించి "6/9 ఉంది, చూపు బాగుంది" అన్నారు. ఆ బోర్డు మీద తెల్లటి వెలుగులో పెద్ద నల్లని అక్షరాలుంటాయి. నేను చూడాల్సింది నేవీ బ్లూ పట్టు మీద నల్ల దారం ముడి. డాక్టరు గారు రెండు నిమిషాలు చూసి "లెన్స్ వెనక పొర వస్తోంది, లేజర్ చేస్తే క్లియర్ అవుతుంది, 6,000" అన్నారు. కంట్లో చుక్కలు వేసి చూడలేదు, స్కాన్ తీయలేదు. మా అమ్మాయి ఇంట్లో మాట్లాడుకుని వస్తామని చెప్పి నన్ను లేపుకొచ్చింది. ఆ రోజు అది చేసిన మేలు మామూలుది కాదు.

ధనుర్మాసం మొదట్లో గుంటూరులో వేరే డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్లాం. ఆమె చుక్కలు వేసి, గంట కూర్చోబెట్టి, రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ తీశారు. స్క్రీన్ మీద రెటీనా మధ్యలో చిన్న గుట్టలాగా లేచింది, అందులో నల్లని బుడగలు. నీరు చేరి వాచిందన్నారు. శుక్లం ఆపరేషన్ తర్వాత కొద్దిమందికి ఒక నెల, నెలన్నరకి ఇలా వస్తుందనీ, షుగర్ ఉన్నవాళ్లకి ఆ అవకాశం ఎక్కువనీ చెప్పారు. లెన్స్ వెనక ఉండే పొర శుభ్రంగానే ఉంది, లేజర్ అక్కర్లేదన్నారు. పైగా లేజర్‌తో ఆ వాపు పెరగొచ్చట. ఆ పొరకి ఒకసారి లేజర్‌తో దారి చేశాక, ఎప్పుడైనా లెన్స్ తీసి వేరేది వేయాల్సి వస్తే ఆ ఆపరేషన్ చాలా రిస్కు అవుతుందట. వాపుకి చుక్కల మందు ఇచ్చారు. రెండు నెలలు వాడాక గీత మళ్లీ తిన్నగా కనపడింది.

నా లెన్స్ మీద వలయాల్లాంటి గీతలుంటాయనీ, అవి లోపలికి వచ్చే వెలుతుర్ని దూరానికి కొంత, దగ్గరకి కొంత పంచుతాయనీ ఆవిడే విడమర్చి చెప్పారు. మీటరు గుడ్డని రెండు జాకెట్లకి సరిపెట్టినట్టని నాకు అర్థమైంది. రెండూ వస్తాయి గానీ రెండూ కాస్త బిగుతుగానే ఉంటాయి. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి ఆ పంపకం వలయాలుగా బయటపడుతుందట. నెలవంక నీడ ఏ లెన్స్‌తోనైనా రావొచ్చనీ, చాలామందికి దానంతటదే తగ్గుతుందనీ అన్నారు. నాకూ తగ్గింది, అది మీ తప్పుగా నేను రాయడం లేదు. ఇదంతా చెప్పడానికి ఆమెకి పది నిమిషాలు పట్టింది. మీ దగ్గర ఆ పది నిమిషాలు దొరికి ఉంటే నేను 45,000 లెన్స్ వేయించుకుని, జోడు పెట్టుకుని పని చేసుకునేదాన్ని.

మాఘ మాసం పెళ్లిళ్లకి ఒప్పుకున్న తొమ్మిది జాకెట్లలో ఆరు వెనక్కి ఇచ్చేశాను. మెరూన్ మీద మెరూన్ దారంతో చైన్ స్టిచ్ వేసిన ఒకటి పెళ్లికూతురి తల్లి తిరిగి తెచ్చింది. పగటి వెలుతురులో పట్టుకుని చూపించింది, కుట్లు దారి తప్పి ఉన్నాయి. పద్దెనిమిదేళ్లలో నా దగ్గరికి తిరిగొచ్చిన మొదటి జాకెట్టు అది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. నా కేసు షీటు, ఆపరేషన్‌కి ముందు తీసిన కంటి కొలతలు, నేను సంతకం పెట్టిన కాగితం, లెన్స్ పెట్టె మీద ఉండే స్టిక్కరు (మోడల్, పవర్, సీరియల్ నంబరుతో సహా) నాకు కావాలి. బ్రాంచిలో రెండుసార్లు అడిగితే "సిస్టంలో ఉంది" అన్నారు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల నడవడికపై 2002లో వచ్చిన మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. రెండు లెన్సుల మధ్య తేడా 37,000 తిరిగి ఇవ్వాలి. గుంటూరులో స్కాన్‌కీ మందులకీ అయిన 7,400 కూడా మీరే భరించాలి, బిల్లుల జిరాక్సులు జత చేశాను. పోయిన ఆర్డర్ల డబ్బు ఇందులో కలపలేదు.

వైద్యానికి ఒప్పుకోవడమంటే వేరే మార్గాలు, వాటి లాభనష్టాలు తెలిసి ఒప్పుకోవడమని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని మా అమ్మాయి చదివి వినిపించింది. నాకు కోర్టులంటే ఇష్టం లేదు. నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇంకో విన్నపం. కౌన్సెలింగ్ గదిలో ఆ కార్డు పక్కన తెలుగులో ఒక కాగితం పెట్టండి. ఏ లెన్స్ దేనికి మంచిది, దేన్ని తగ్గిస్తుంది, ఎలాంటి లక్షణం కనపడితే అదే రోజు రావాలి అన్నవి అందులో రాయండి. చుక్కలు వేయకముందే చదవనివ్వండి, చదవలేనివాళ్లకి చదివి వినిపించండి. రాత్రిపూట లారీ నడిపేవాళ్లు, బంగారం పని చేసేవాళ్లు, నాలాంటివాళ్లు మీ దగ్గరికి రోజూ వస్తారు. ఫోన్ ఎత్తేవాళ్లకి కూడా ఆ కాగితం ఇవ్వండి.

నా ఎడమ కంట్లో శుక్లం ముదురుతోంది. దానికీ ఇదే లెన్స్ వేయించుకుంటే "రెండు కళ్లూ బ్యాలెన్స్ అవుతాయి" అని మీ బ్రాంచి నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. దయచేసి ఆ ఫోన్లు ఆపించండి. ఎడమ కంటికి ఏ లెన్స్ వేయాలో తేల్చడానికి కుడి కంటి లెన్స్ వివరాలు కావాలని గుంటూరు డాక్టరమ్మ గారు అడిగారు. ఉగాది వెళ్లాక రమ్మన్నారు. ఆలోగా ఆ కాగితాలు పంపించండి.

ఇట్లు,
మీ విజయవాడ బ్రాంచిలో ఆపరేషన్ చేయించుకున్న పేషెంటు,
తెనాలి.

జత: గుంటూరు స్కాన్ రిపోర్టు, బిల్లుల జిరాక్సులు, మందుల చీటీలు, మీ బిల్లు జిరాక్సు.