కుక్కల్ని ఇంటికే తీసుకుపొమ్మన్నారు, తీసుకుపోయాను

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రిక జిల్లా పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. వీధికుక్కల మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు వాటిని తమ ఇంటికే తీసుకుపోవాలని ఆయన రాశారు. కోపంతో రాసినా, మాట మంచిదే. నాలుగేళ్లుగా నేను ఆ పనే చేస్తున్నాను. అందులో ఉన్న కష్టం, అవసరం రెండూ చెబుదామని ఈ ఉత్తరం.

నేను కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. సోమిడి వైపు రెండు గదుల ఇల్లు, ముందు కొంచెం వాకిలి, ఒక జామచెట్టు. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారు. ఇక్కడ నేను, నా భార్య. ఇప్పటికి మా గడపలోకి 40 కుక్కపిల్లలు వచ్చాయి. వాటిలో 28 మంచి ఇళ్లకు చేరాయి. 7 చనిపోయాయి. రెండు మాతోనే ఉండిపోయాయి. మిగిలిన మూడు ఇప్పుడు నేను రాస్తుంటే కుర్చీ కింద నా చెప్పు పట్టుకుని గుంజుతున్నాయి.

ఈ పనిని ఫోస్టర్ అంటారు. చాలామంది దీన్ని కుక్కను పెంచుకోవడం అనుకుని భయపడతారు. అది కాదు. రోడ్డు మీద ఆపదలో ఉన్న పిల్లను తెచ్చి, తిండి పెట్టి, టీకాలు వేయించి, మనిషి ఇంట్లో ఎట్లా మెలగాలో నేర్పించి, జీవితాంతం చూసుకునే వాళ్ల చేతిలో పెట్టడం. మామూలుగా నెలన్నర, రెండు నెలల పని. ఆడబిడ్డ పురిటికి పుట్టింటికి వచ్చి పోయినట్టే.

మా వైపు వానలు వెనకబట్టే రోజుల్లో కుక్కలు ఎక్కువగా జతకడతాయి. తల్లి 63 రోజులు మోస్తుంది. అందుకని కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, సరిగ్గా చలి ముదిరే కాలంలో, ఏ కల్వర్టు కింద చూసినా పిల్లలే. తల్లి హైదరాబాద్ రోడ్డు దాటుతూ లారీ కింద పడితే ఆ పిల్లలకు ఇక దిక్కు లేదు. అట్లాంటివే నేను తెస్తాను. తల్లి బతికి ఉంటే పిల్లల్ని ముట్టను, తల్లికే అన్నం పెట్టి వస్తాను. ఇది అందరికీ తెలియాలి. కళ్లు తెరవడానికే పది పదిహేను రోజులు పట్టే పిల్లను జాలిపడి ఇంటికి తెచ్చి బర్రెపాలు పోస్తారు. విరేచనాలు పట్టుకుని మూడో రోజుకు అది చనిపోతుంది. ఎనిమిది వారాల దాకా తల్లితో, తోడబుట్టిన వాటితో ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటి ప్రాణికి నొప్పి పుడుతుందో పిల్లకు తెలుస్తుంది. ఆ చదువు మనం చెప్పలేం.

రైల్వేలో పనిచేసినవాణ్ని కదా, పిల్లలకు మా లైను మీది స్టేషన్ల పేర్లు పెడతాను. 2022 చలికాలంలో ఫాతిమానగర్ వంతెన దగ్గర నాలుగు దొరికాయి. పోత్కపల్లి, ఓదెల, కొలనూరు, పెద్దపల్లి అని పెట్టుకున్నాం. నా పాత టిఫిన్ సంచిలో నాలుగూ పట్టాయి. ఐదు రోజులు బాగా తిన్నాయి, జామచెట్టు చుట్టూ ఉరికాయి. ఆరో రోజు పొద్దున కొలనూరు వాంతి చేసుకుంది. సాయంత్రానికి నెత్తురు విరేచనాలు. ఒక రకమైన తియ్యటి కుళ్లు వాసన. ఆ వాసన ఒక్కసారి ముక్కుకు తగిలితే జన్మలో మరిచిపోలేం. డాక్టరు గారు చూడగానే పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. చర్మం కింద సెలైన్ ఎక్కించి, ఇంట్లో సిరంజీతో చుక్క చుక్కగా నీళ్లు పట్టమన్నారు. నేనూ నా భార్యా వంతులేసుకుని రాత్రంతా కూర్చున్నాం. ముందు కొలనూరు, మరునాడు పోత్కపల్లి పోయాయి. మూడో రాత్రి నాలుగింటికి, పక్క లైన్లో గూడ్సు బండి పోతున్నప్పుడు, పెద్దపల్లి గడ్డం తెచ్చి నా బొటనవేలి మీద పెట్టుకుంది. బండి చివరి డబ్బా దాటే లోపల దాని ఊపిరి ఆగింది. వేలు తీయడానికి చాలాసేపు నాకు మనసొప్పలేదు.

ఓదెల ఒక్కటే బతికింది. దాన్ని ఎవరికీ ఇవ్వలేకపోయాం.

ఆ పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. ఫినాయిలుకు చావదు, బ్లీచింగ్ పెట్టాలి. కొన్ని నెలలు మా వాకిట్లోకి కొత్త పిల్లను తేలేదు. ఇప్పుడు తెచ్చిన రోజే పేగు పురుగుల మందు, ఆరు వారాలు దాటగానే మొదటి టీకా, తర్వాత బూస్టర్లు, మూడో నెల నిండాక రేబిస్ టీకా. తేదీలన్నీ వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రాసి ఉంటాయి. నేనూ నా భార్యా కూడా ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకున్నాం. అయినా పిల్ల పన్ను గీరుకుంటే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి ఆస్పత్రికి పోతాం. ప్రేమ ఉందని జాగ్రత్త మానకూడదు.

తేవడం, బతికించడం ఒక ఎత్తు. ఇల్లు వెతకడం ఇంకో ఎత్తు. సగం మంది అడిగే మొదటి మాట ఒకటే.

"కాకా, మొగదా ఆడదా?"

"ఆడది బిడ్డా."

"అయితే వద్దు కాకా."

మొగపిల్ల వారంలో పోతుంది. ఆడపిల్ల రెండు మూడు నెలలు గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్లను చూస్తూ ఉంటుంది. ఆడకుక్కకు ఆరు నెలల తర్వాత ఒక్క ఆపరేషన్ చేయిస్తే ఇక పిల్లల బాధే లేదు, ఇల్లు వదలదు, కాపలాకు చెవి నిద్రపోదు. ఇది చెప్పీ చెప్పీ 28లో 11 ఆడపిల్లల్ని ఇళ్లకు చేర్చాం. ఆపరేషన్ చేయిస్తామని కాగితం మీద సంతకం పెడితేనే ఇస్తాను. మొహమాటానికి పోయి సంతకం లేకుండా ఒక్కదాన్ని ఇచ్చినా, ఏడాది తిరిగేసరికి ఎనిమిది పిల్లలు మళ్లీ అదే కల్వర్టు కింద ఉంటాయి.

వచ్చినవాళ్లను ఇంకా చాలా అడుగుతాను. సొంతిల్లా, కిరాయా? కిరాయైతే ఓనరు ఒప్పుకున్నాడా? పగలు ఇంట్లో ఎవరుంటారు? మే నెల ఎండలో ఎక్కడ పడుకోబెడతారు? మేడారం జాతరకు ఇల్లంతా తాళం వేసి నాలుగు రోజులు పోతే దాన్ని ఎవరు చూస్తారు? ఈ చివరి ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పినవాళ్లు ఇప్పటిదాకా నన్ను మోసం చేయలేదు. కొందరికి కోపం వస్తుంది, "కుక్కను ఇయ్యనీకె పిల్లనిచ్చినంత చేస్తున్నవేంది" అంటారు. నాకు రెండూ ఒకటే.

ఇంత అడిగినా ఒకసారి తప్పు చేశాను. బావి దగ్గర కాపలాకు కావాలని ఒకాయన వచ్చాడు. మాట మంచిగా ఉంది, మోటారు సైకిల్ మీద ముందు జాగ్రత్తగా కూర్చోబెట్టుకున్నాడు. ఇల్లు చూడకుండానే ఇచ్చాను. నెల తర్వాత చూద్దామని పోతే పిల్ల మోటారు షెడ్డు పక్కన మూడడుగుల గొలుసుకు కట్టేసి ఉంది. నీడ లేదు. సత్తు గిన్నె బోర్లాపడి ఉంది, లోపల తడి లేదు. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి ఎర్రగా కనిపించింది. నన్ను చూసి లేచింది గానీ తోక ఊపలేదు. ఆయనతో గొడవ పెట్టుకోలేదు, దాన్ని విప్పి తెచ్చుకున్నాను. మా ఇంట్లో ఉండిపోయిన రెండోది అదే, జమ్మికుంట. అప్పటి నుంచి ఎవరింటికి పంపినా పిల్లతో పాటు నేనే పోతాను, ఆ ఇంట్లో గంట కూర్చుని వస్తాను.

నా భార్యకు మొదట్లో ఈ పని ఇష్టం లేదు. ఇప్పుడు ప్రతి పిల్లకూ పాత చీరలతో చిన్న బొంత కుడుతుంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ పిల్ల దాని మీదే పడుకుంటుంది. పోయేటప్పుడు ఉతకకుండా ఆ బొంత కూడా ఇచ్చి పంపుతుంది. కొత్త ఇంట్లో మొదటి రెండు మూడు రోజులు పిల్ల మంచం కిందికి దూరి బయటికి రాదు, తినదు. "డల్‌గా ఉంది అంకుల్, తీసుకుపోండి" అని ఫోన్ వస్తుంది. బొంతను మంచం కింద పెట్టి, పక్కన పెరుగన్నం పెట్టి, దానికేసి చూడకుండా మీ పని మీరు చేసుకోండి అంటాను. ఎక్కువసార్లు తెల్లారేసరికి గిన్నె ఖాళీ అయి ఉంటుంది.

సంపాదకులు గారూ, ఒక విషయం దాచకుండా రాయాలి. 2023 మే నెలలో మా కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గరే వీధికుక్కలు ఒక చిన్న బాబును కరిచి చంపాయి. బతుకుదెరువుకు ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం. నేను ఎన్నో ఏళ్లు డ్యూటీకి నడిచిన దారి అది. ఆ వారం నేను గేటు దాటి బయటికి రాలేకపోయాను. కుక్కల్ని సాకే మనిషిగా ఎవరి ముఖం చూడాలన్నా సిగ్గుగా అనిపించింది. అప్పుడు ఇంట్లో నాలుగు పిల్లలున్నాయి, వాటిని ఏం చేయాలో తోచలేదు. ఇవి మళ్లీ రోడ్డు మీదికి పోతే ఆకలితో గుంపు కడతాయి, ఇళ్లల్లోకి పోతే కట్టవు అని నా భార్య అన్నది. ఆ నాలుగింటికీ ఇళ్లు దొరికేదాకా నేను నిద్రపోలేదు. పిల్లలకు రక్షణ కావాలని అడిగే తల్లిదండ్రులకూ నాకూ మధ్య తగువేమీ లేదు. ఈ చలికాలం ఇంటికి చేరిన పిల్ల వచ్చే ఎండాకాలం గుంపులో ఉండదు.

నిబంధనలు ఇప్పుడు మారుతున్నాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలో, వీధికుక్కను దత్తత తీసుకోదలచినవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, తీసుకున్నాక అది మళ్లీ రోడ్డెక్కకుండా చూసే బాధ్యత వాళ్లదేనని ఉంది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్న కుక్కల్ని షెల్టర్లకు తరలించి, తిరిగి అక్కడ వదలొద్దని చెప్పింది. షెల్టర్లు ఎన్ని కట్టినా నిండుతాయి. ఇళ్లు తెరుచుకుంటేనే ఖాళీ అవుతాయి. ఇంకోపక్క కొన్న కుక్కల్ని ట్రాన్స్‌ఫర్ అయిందనో, ముసలిదైందనో చెరువు కట్టల మీద వదిలిపోయేవాళ్లున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అది నేరమే. కానీ మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 65 ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. దీని మీద మీ పత్రిక ఒక సంపాదకీయం రాయాలని నా కోరిక.

ఇంకో చిన్న కోరిక కూడా. ఆదివారం జిల్లా పేజీలో ఇల్లు అద్దెకు, స్థలం అమ్మకానికి అని వేస్తారు కదా. ఆ పక్కన నాలుగు అంగుళాల చోటు, డబ్బు తీసుకోకుండా, ఇల్లు కావాల్సిన కుక్కపిల్లలకు ఇవ్వండి. ఫోటో, వయసు, ఆడా మగా, ఏ టీకాలు పడ్డాయి, ఇంతే. మన గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ వాళ్లు దత్తత దరఖాస్తుల కోసం వారానికి ఒక పూట ఒక మనిషిని కూర్చోబెడితే, ఆ పూట నేను వెళ్లి ఊరికే పక్కన కూర్చుంటాను. వచ్చినవాళ్లకు మేడారం ప్రశ్న వేసే పని నాకు అప్పగించవచ్చు. మామునూరు పశువైద్య కళాశాలలో చదివే పిల్లలు సెలవు రోజుల్లో ఒక్కొక్కరు ఒక్కో ఫోస్టర్ ఇంటికి వచ్చి చూసిపోయినా, మాలాంటి వాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు ఇంట్లో ఉన్నవి మందమర్రి, బెల్లంపల్లి, రెచ్చిని. మూడూ ఆడపిల్లలే. ఏడు వారాలు నిండాయి, మొదటి టీకా అయింది. మందమర్రి గోధుమ రంగు, అన్నం గిన్నె దగ్గర ఓపిక తక్కువ. బెల్లంపల్లి నల్లది, ఛాతీ మీద వేలెడంత తెలుపు, పిల్లలుంటే వాళ్ల వెంటే తిరుగుతుంది. రెచ్చినికి ఎడమ చెవి మడత పడి ఉంటుంది, రైలు కూత వినగానే లేచి గేటు దాకా పోతుంది. ఇంకో పది రోజులైతే పంపవచ్చు. నా ఫోన్ నంబరు మీ కార్యాలయంలో ఇచ్చాను. అడిగినవాళ్లకు ఇవ్వండి. సాయంత్రం ఐదు తర్వాత వస్తే చాయ్ తాగుతూ మాట్లాడుకోవచ్చు. మూడు బొంతలూ కుట్టి ఉన్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
సోమిడి, కాజీపేట, హనుమకొండ జిల్లా