పెట్టె మీది ఆ వాక్యం తప్పు, తీసేస్తున్నాం

మా మాగ్నెట్ జగ్గు (నీళ్లు పోసుకునే, అయస్కాంతం ఉన్న జగ్గు) కొన్న అందరికీ నమస్కారం.

పెట్టె వెనక "ఈ నీళ్లలో కలిపిన మందు ఎక్కువ రోజులు పాడవదు" అని ఉంది. అది తప్పు. సరుకు పంపినవాళ్ల మాట నమ్మి, నేనే అచ్చు వేయించాను. క్షమించండి.

పోయిన నెల ఒకావిడ ఫోన్ చేశారు. పాప యాంటీబయాటిక్ డ్రై సిరప్‌ను (నీళ్లు కలిపి వాడే పొడి మందు) మా జగ్గు నీళ్లతో కలిపారట. కలిపాక వాడాల్సిన ఏడు రోజుల గడువు దాటింది, ఇంకా పట్టొచ్చా అని అడిగారు. వద్దండీ, డాక్టర్‌ని అడిగి కొత్తది తీసుకోండి అన్నాను. అడగకుండానే వాడేసినవాళ్లు ఇంకెంతమందో అన్న టెన్షన్ అప్పటి నుంచీ వదల్లేదు.

కెమిస్ట్రీ చెప్పే స్నేహితురాలిని పిలిచాను. ఒక గ్లాసులో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో జగ్గు నీళ్లు పోసి, రెండింట్లోనూ ఒక్కో ఆస్పిరిన్ మాత్ర పొడి చేసి వేసి, మూతపెట్టి వారం ఉంచాం. నీళ్లలో ఆస్పిరిన్ మెల్లగా విడిపోయి సాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. సాలిసిలిక్ ఆమ్లానికి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క తగిలితే ఊదారంగు వస్తుంది. అప్పుడే కలిపిన మాత్రకు రంగు దాదాపు రాలేదు. వారం నాటి గ్లాసులు రెండూ ముదురు ఊదా. చీటీ చూస్తే తప్ప ఏది ఏదో తెలియలేదు.

ఇంట్లో చేసిన చిన్న పరీక్షే, ఒప్పుకుంటాను. కానీ నీళ్ల అణువుల మధ్య బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతులోనే తెగి మళ్లీ కలుస్తుంటాయి. గ్లాసులోకి వంచేసరికి అయస్కాంతం ప్రభావం వాటిలో నిలిచి ఉండదు. మందును పాడుచేసేవి వేడి, వెలుతురు, గాలి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), గడిచే రోజులు. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ అణువులో బీటా లాక్టమ్ అనే వలయం ఉంటుంది, దాన్ని నీరే తెంచుతుంది, అందుకే ఆ సిరప్‌ను పొడిగా అమ్ముతారు. వలయం తెగితే బాక్టీరియా మీద పనిచేయదు. పైకి మాత్రం సిరప్ మామూలుగానే కనిపించవచ్చు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కాబట్టి డ్రై సిరప్‌ను దాంతో ఇచ్చిన నీళ్లతో గానీ, కాచి చల్లార్చిన నీళ్లతో గానీ సీసా మీది గీత వరకే కలపండి. అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ అనే ఇంకో మందు కూడా ఉన్న రకాన్ని సాధారణంగా ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో వాడేయమంటారు. మీ సీసా మీద ఏం రాసుంటే అదే లెక్క.

జగ్గు వెనక్కి ఇస్తే పూర్తి డబ్బు ఇస్తాను. వాడినదైనా, పెట్టె లేకపోయినా సరే, పంపే ఖర్చు నాదే. పాత పెట్టెల అమ్మకం ఆపేశాను. మీ ఫ్రిజ్‌లో ఆ నీళ్లతో కలిపిన సిరప్ ఉంటే, ఎప్పుడు కలిపారో ఇవాళే చూసుకోండి.